ఇల్లు చూపించేటప్పుడే నిజం చెప్పించండి

తెలంగాణ శాసనసభ్యులకు, పురపాలక శాఖ అధికారులకు ఒక అద్దెదారు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మా అమ్మది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లు తాగి పెరిగిన మనిషి కాబట్టి, ఏ ఇల్లు చూడ్డానికి వెళ్లినా ముందు వంటింట్లోకి పోయి నల్లా తిప్పుతుంది. 2023 డిసెంబర్ చివర్లో హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడూ అదే చేసింది. నీళ్లు ధారగా వచ్చాయి. అయినా ఓనర్‌ని అడిగింది.

"ఎండకాలం గూడా ఇట్లనే వస్తయా నాయినా?"

"మంజీరా కనెక్షన్ ఉందమ్మా, బోరు ఉంది. ఇరవై నాలుగు గంటలూ నీళ్లే. ఆ టెన్షన్ మీకు వద్దు" అన్నారాయన. పక్కనున్న బ్రోకర్ కూడా అవునన్నాడు. ఆ మాట మీదే మేం ఇల్లు తీసుకున్నాం.

అద్దె 22,000. అడ్వాన్స్ రెండు నెలలది, 44,000. మెయింటెనెన్స్ 2,500 అన్నారు. బ్రోకర్‌కు పదిహేను రోజుల అద్దె, 11,000. పుష్యమాసంలో ఇల్లు మారొద్దని అమ్మ అనడంతో టోకెన్ ఇచ్చి ఆగి, మాఘమాసం రాగానే 2024 ఫిబ్రవరిలో పాలు పొంగించాం. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకున్నాం. ఆరు నెలల లాక్-ఇన్ (అంటే అంతలోపు ఖాళీ చేయకూడదు) అని, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామని అందులో ఉంది. నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు. రాయించుకోవాలని మాకు తోచలేదు. ఎదురుగా నిలబడి చెప్పిన మాటను కాగితం మీద పెట్టమంటే పెద్దమనిషిని అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాం.

మార్చి రెండో వారానికి బోరు గాలి వదలడం మొదలుపెట్టింది. లిఫ్ట్ పక్కన కాగితం అంటించారు: ఉదయం 6 నుంచి 7, సాయంత్రం 6 నుంచి 7. మంజీరా కనెక్షన్ ఉన్న మాట నిజమే. నలభై ఫ్లాట్లకు కలిపి ఒక్క కనెక్షన్. రోజు విడిచి రోజు, గంటసేపు, సంపులోకి. (మంజీరా అని అలవాటుగా అంటాం గానీ ఇప్పుడు నగరానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం కృష్ణా, గోదావరి నీళ్లే.) మిగతాదంతా ట్యాంకర్లే. ఆ నెల మెయింటెనెన్స్ 5,900 వచ్చింది. ఏప్రిల్‌లో 6,700.

మార్చిలోనే మా పాపకు పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. రాత్రి పన్నెండు దాకా చదువుకున్న పిల్ల తెల్లారి 5:45కి లేచి నాతో పాటు డ్రమ్ములు, బకెట్లు నింపేది. అమ్మకు మోకాళ్లు వంగవు. వద్దంటున్నా చెంబులతో మోసేది. ఒకరోజు వంటింట్లో కూర్చుని, "నలభై ఏండ్ల కింద గివే బాధలు పడి పట్నమొస్తిమి" అంది. ఆ మాట నాకు ఈ రోజుకీ గుచ్చుకుంటోంది, ఎందుకంటే ఆ ఇల్లు ఎంచుకుంది నేనే.

వెనక బెడ్రూమ్ సంగతి ఎక్కువ చెప్పను. ఇల్లు ఖాళీగా ఉన్న ఆ నెలలో కొత్తగా రంగు వేయించారు. ఎండాకాలంలోనే గోడ పెచ్చులు ఊడి చెమ్మ బయటపడింది. పైఫ్లాట్ బాత్రూమ్ లీకేజీ అట, చాలా కాలంగా ఉన్నదేనట.

నీళ్లు ఏ ఇంట్లోనైనా తగ్గొచ్చు. 2024 ఎండాకాలంలో నగరంలో చాలా చోట్ల ట్యాంకర్ల కోసం జనం ఎదురుచూశారు. అది ఓనర్ చేతిలో లేని విషయం, ఒప్పుకుంటాను. నా ఫిర్యాదు వేరు. మా వాచ్‌మన్ ఒకరోజు బకెట్ పైకి తెచ్చిస్తూ మామూలుగా అన్నాడు: "ప్రతి ఎండకాలం ఇట్లనే ఉంటదమ్మా. మీకంటే ముందున్నోళ్లు గూడా గిందుకే పోయిండ్రు." నేను అసోసియేషన్ సెక్రటరీ దగ్గరికి వెళ్లి పాత మీటింగుల రిజిస్టర్ చూపించమని అడిగాను. 2023 ఏప్రిల్ మీటింగ్ పేజీలో బోరు ఎండిందని, ట్యాంకర్ ఖర్చు ఫ్లాట్ల వారీగా పంచుకోవాలని తీర్మానం ఉంది. కింద సంతకాల్లో మా ఓనర్ సంతకం ఉంది. మా అమ్మ అడిగిన రోజుకు ఆ సంతకం వయసు ఎనిమిది నెలలు.

నేను ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకున్నాను. ఆ రోజు నాకు డబ్బు గుర్తు రాలేదు. "నాయినా" అని పిలిచి అడిగిన ముసలామెకు అలా ఎలా చెప్పగలిగారు అన్న ఆలోచనే తిరిగింది.

ఏప్రిల్ చివర్లో నెల నోటీసిచ్చి, మే 31న ఖాళీ చేశాం. అప్పుడు ఆయన లెక్క చెప్పారు. పెయింటింగ్‌కు ఒక నెల అద్దె, 22,000. లాక్-ఇన్ పూర్తి చేయలేదు కాబట్టి ఇంకో నెల, 22,000. మొత్తం 44,000. చేతికి వచ్చేది సున్నా. "అగ్రిమెంట్ మీరే బ్రేక్ చేశారు కదమ్మా" అన్నారు.

ఈ లేఖ రాయడానికి కారణం ఆ ఒక్క వాక్యం. అబద్ధం చెప్పి ఇల్లిచ్చిన మనిషి ఒప్పందం పాటించినవాడు అయ్యాడు. అది అబద్ధమని తెలిసి బయటికొచ్చిన మేం ఒప్పందం తప్పినవాళ్లం అయ్యాం.

నేను లాయర్‌ని కాదు, ఒక కంపెనీలో అకౌంట్లు చూస్తాను. ఆ రెండు నెలల్లో చట్టం గురించి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను, నాలాంటి వాళ్లకు పనికొస్తుందని. తప్పు దిద్దగలిగేది మీరే కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. సివిల్ మ్యాటర్ అన్నారు. తర్వాత అద్దె తగాదాలు తేల్చే రెంట్ కంట్రోలర్ ఒకరుంటారని విని ఒక లాయర్‌ని కలిశాం. ఆయన మొదటి ప్రశ్న, "అద్దె ఎంత?" చెప్పగానే తల అడ్డంగా ఊపారు. మన రాష్ట్రంలో నడుస్తున్న అద్దె నియంత్రణ చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో చేసింది. 2005లో చేసిన సవరణతో, కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటిన ఇళ్లు ఆ చట్టం బయటికి పోయాయి. ఈ రోజు నిజాంపేటలో 3,500కు ఏం దొరుకుతుందో మీరే చెప్పండి. సింగిల్ రూమ్ కూడా దొరకదు. అదే పాత చట్టంలో, 7వ సెక్షన్‌లో, ఓనర్ ఒక నెల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదని ఉంది. అరవై ఏళ్ల కిందటి శాసనసభకు ఆ జాగ్రత్త తట్టింది. దాని రక్షణ ఇప్పుడు ఈ నగరంలో అద్దెకుండే వాళ్లలో ఎంతమందికి అందుతోంది?

ఆ చట్టం దాటితే మాలాంటి వాళ్లకు మిగిలేవి బ్రిటిష్ వాళ్ల కాలం నాటి రెండు చట్టాలు. అవి చెడ్డవని అనను, నిజానికి నాకు ధైర్యం ఇచ్చింది అవే. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఏం చెబుతుందంటే, ఇల్లు వాడుకోవడానికి అడ్డొచ్చే పెద్ద లోపం ఓనర్‌కు తెలిసి, అద్దెకొచ్చేవాళ్లకు తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనిదైతే, దాన్ని ఓనర్ ముందే చెప్పాలి. డిసెంబర్‌లో నల్లా తిప్పి చూసిన మా అమ్మ మామూలు కంటే ఎక్కువ జాగ్రత్తే తీసుకుంది. ఏప్రిల్‌లో ఎండే బోరును డిసెంబర్‌లో ఎవరు కనిపెట్టగలరు? అలాగే 1872 కాంట్రాక్టు చట్టం 17, 18, 19 సెక్షన్ల ప్రకారం, మోసం చేసి గానీ తప్పుడు మాట చెప్పి గానీ ఒప్పించిన ఒప్పందాన్ని, నష్టపోయినవాళ్లు రద్దు చేసుకోవచ్చు. 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని రాసుకున్నా, అందినంతా లాక్కోవడానికి లేదు, న్యాయమైన పరిహారమే దక్కుతుంది. అంటే న్యాయం పుస్తకంలో మా వైపే ఉంది.

కానీ ఆ పుస్తకం తెరిపించాలంటే సివిల్ కోర్టుకు వెళ్లాలి. 44,000 కోసం కోర్టు ఫీజు, లాయర్ ఫీజు, వాయిదాలు, ప్రతి వాయిదాకు ఒక సెలవు. ఓనర్‌కు ఇది తెలుసు. ఆయన ధైర్యమంతా దాని మీదే. అడ్వాన్స్ ఎగ్గొట్టే ఓనర్లు ఎంత తీసుకోవచ్చో సరిగ్గా లెక్కేసుకుంటారు: కేసు వేయడానికి అయ్యే ఖర్చు, తిప్పల కంటే కొంచెం తక్కువ.

బ్రోకర్ సంగతీ చూశాను. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాల్సింది ఇళ్లు, ప్లాట్లు అమ్మకం కొనుగోళ్లకే. అద్దె ఇళ్లు చూపించేవాళ్లకు ఆ బాధ్యత లేదు. మా దగ్గర 11,000 తీసుకున్న మనిషి మార్చి నుంచి ఫోన్ ఎత్తలేదు.

చివరికి మాకు దారి చూపించింది జిల్లా న్యాయసేవాధికార సంస్థ. ముందు లాయర్‌తో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించాం, 3,500 అయింది. జవాబు రాలేదు. జులైలో, కోర్టులో కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడుకునే ప్రీ-లిటిగేషన్ దరఖాస్తు పెట్టాం. దానికి కోర్టు ఫీజు లేదు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, మళ్లీ అప్పీలుకు పోవడానికి ఉండదు. మొదటిసారి ఓనర్ రాలేదు. రెండోసారి వచ్చారు. రిజిస్టర్ పేజీ ఫొటో బల్ల మీద పెట్టాను. చాలాసేపు చూశారు. "అప్పుడు గుర్తు లేదు" అన్నారు. 30,000 దగ్గర రాజీ కుదిరింది. సెప్టెంబర్‌లో ఆ డబ్బు వచ్చింది.

అయితే ఒకటి గమనించండి. ఆయన రెండోసారి కూడా రాకపోయి ఉంటే? లోక్ అదాలత్ ఇద్దరూ ఒప్పుకుంటేనే పని చేస్తుంది. ఒకరు రాకపోతే, వచ్చి కుదరదంటే, మళ్లీ కోర్టు మెట్లే. మా అసోసియేషన్ రిజిస్టర్ రాయకపోయి ఉంటే? సెక్రటరీ చూపించనంటే? నా డబ్బు వెనక్కి వచ్చిందంటే అందులో సగం అదృష్టం.

అందుకే అడుగుతున్నాను. కేంద్రం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. ఇళ్ల విషయంలో డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదని, రావాల్సిన బకాయిలు ఏవైనా ఉంటే తీసేసి ఇల్లు అప్పజెప్పిన రోజే మిగతాది తిరిగివ్వాలని అందులో ఉంది. డిప్యూటీ కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి రెంట్ అథారిటీగా ఉంటారు. రెంట్ కోర్టు 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది. తమిళనాడు కూడా ఆ ఏడాదే చేసి 2019 నుంచి అమల్లో పెట్టింది. మనం 1960 దగ్గరే ఎందుకు ఆగాలి? కొత్త చట్టం తెస్తే ఓనర్లకు భయం అంటారు. నమూనా చట్టంలో గడువు దాటి ఖాళీ చేయని అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు కట్టాలని ఉంది. ఓనర్లకు అంతకంటే భరోసా ఏం కావాలి?

కానీ ఆ నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చినా మా అమ్మ ప్రశ్నకు జవాబు దొరకదు. డిపాజిట్ ఎంత, ఎప్పుడివ్వాలి అన్నది ఇల్లు వదిలే రోజు సంగతి. మోసం జరిగింది ఇల్లు చూపించిన రోజు. అందుకని మన చట్టంలో ఒక పేజీ చేర్చమని కోరుతున్నాను. ఇల్లు అద్దెకిచ్చే ముందు ఓనర్ సంతకం పెట్టి ఇచ్చే పేజీ. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, గత ఎండాకాలం ట్యాంకర్లు తెప్పించారా, గత పన్నెండు నెలల్లో మెయింటెనెన్స్ నెలనెలా ఎంత వచ్చింది, చెమ్మ ఎక్కడైనా ఉందా, పార్కింగ్ ఈ ఫ్లాట్‌దేనా, ఇంటి మీద బ్యాంకు నోటీసులు గానీ కోర్టు కేసులు గానీ ఉన్నాయా. ఇవన్నీ ఓనర్‌కు తెలిసిన విషయాలే, రాయడానికి పది నిమిషాలు పడుతుంది. అందులో రాసింది అబద్ధమని తేలితే లాక్-ఇన్ చెల్లదని, పెయింటింగ్ పేరుతో పట్టుకోవడానికి లేదని, అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇవ్వాలని చట్టంలో ఉండాలి. అద్దె ఇళ్లు చూపించే బ్రోకర్లు కూడా రిజిస్టర్ కావాలి. ఆ పేజీ మీద వాళ్ల సంతకం కూడా ఉండాలి.

ఇంకో మాట. మా చిన్నమ్మ కొడుకు ఇంగ్లండ్‌లో ఉంటాడు. అక్కడ 2007 నుంచి మామూలు అద్దె ఇళ్లలో ఓనర్ డిపాజిట్‌ను ప్రభుత్వం గుర్తించిన స్కీము కింద ఉంచాలి. గొడవొస్తే, ఇద్దరూ ఒప్పుకుంటే, ఖర్చు లేకుండా ఆ స్కీము వాళ్లే చూసి తేలుస్తారు. మనకూ అలాంటిది వస్తే బాగుంటుంది. అడ్వాన్స్ అనే మాటలోనే మనకు పొరపాటు ఉంది అనిపిస్తుంది. ఇచ్చేశాం, ఇక అది వాళ్లదే అన్నట్టు ఉంటుంది. అది మా డబ్బే. ఆయన దగ్గర దాచమని ఇచ్చిన డబ్బు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఐదు నెలల అద్దె అడ్వాన్స్ కట్టాడు, అక్కడ పది నెలలు అడిగేవాళ్లూ ఉన్నారు. పెళ్లయిన కొత్తలో ఒక జంట దాచుకున్నదంతా అలా ఒకరి చేతిలో ఉండిపోతుంది.

ఇల్లు అద్దెకిచ్చే వాళ్లందరూ ఇలాగే ఉంటారని నేను అనడం లేదు. మా బంధువుల్లో రిటైరై, ఒక ఫ్లాట్ అద్దె మీద మందులు కొనుక్కునే పెద్దవాళ్లు ఉన్నారు. అద్దె ఎగ్గొట్టి, కరెంటు బిల్లు వదిలేసి పోయినవాళ్లతో వాళ్లూ బాధపడ్డారు. వాళ్లకు ఒకటే చెప్పాలనుంది. మా ఓనర్ ఆ రోజు, "ఏప్రిల్, మేలో ట్యాంకర్లు తప్పవమ్మా, మెయింటెనెన్స్ ఆరు వేలు దాటొచ్చు" అని చెప్పి ఉంటే, బహుశా మేం రెండు వేలు తగ్గించమని అడిగి అదే ఇంట్లో చేరేవాళ్లం. పాప స్కూల్‌కు దగ్గర, గాలి బాగా వస్తుంది, ఇల్లు మాకు నచ్చింది. ముందే డ్రమ్ములు కొనుక్కుని సిద్ధంగా ఉండేవాళ్లం. ఆయనకు ఇల్లు ఖాళీ పడేది కాదు, మేం నాలుగు నెలల్లో రెండుసార్లు సామాను మోయించుకునేవాళ్లం కాదు. ఉండాలా వద్దా అని ఆలోచించుకునే అవకాశం మాకు ఉండేది. ఆయన మా దగ్గర నుంచి తీసుకున్న వాటిలో అన్నిటికంటే పెద్దది అదే. దాన్ని ఏ లోక్ అదాలత్ తిరిగి ఇప్పించలేదు.

ఇప్పుడు మేం ప్రగతినగర్ వైపు ఉంటున్నాం. ఈ ఇల్లు తీసుకునే ముందు నేను పైన చెప్పిన ప్రశ్నలన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, ఓనర్ గారి ముందు పెట్టాను. చేతులు వణికాయి, ఇల్లు ఇవ్వనంటారేమోనని. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ట్యాంకర్ల ప్రశ్న దగ్గర "మేలో నాలుగు, జూన్‌లో రెండు" అని తన చేత్తోనే రాశారు. ఒక గోడకు చెమ్మ ఉందని, వానలు పోయాక బాగుచేయిస్తానని రాసి సంతకం పెట్టారు. మా అమ్మ ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టింది.

దాని నకలు ఈ లేఖతో జత చేస్తున్నాను. ఓనర్ గారి పేరు, ఫ్లాట్ నంబర్ కొట్టేశాను. చట్టం ముసాయిదా రాసేటప్పుడు పనికొస్తే వాడుకోండి.

ఇట్లు,
ఒక అద్దెదారు,
హైదరాబాద్